బోర్డు మీద ఏం రాయాలి? నల్లగొండ పోరాట మ్యూజియం వెనుక కథ

నల్లగొండ పల్లెల్లో పెద్దవాళ్లు ఆ రోజుల ముచ్చట చెప్పేటప్పుడు తేదీలు చెప్పరు. ‘సంగం కాలం’, ‘రజాకార్ల కాలం’, ‘మిలట్రీ వచ్చినంక’ అంటారు. నిజాం మీద, దొరల మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి మంచి మ్యూజియం ఉండాలన్న మాట ఎప్పుడు వచ్చినా ఈ మూడు కాలాల మధ్యే చిక్కుకుంటుంది.

సంగం అంటే ఆంధ్ర మహాసభ. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక అది వెట్టికి, బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యానికి ఎదురు నిలిచింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పుడు కడవెండి నల్లగొండ జిల్లా, ఇప్పుడు జనగామ. జిల్లా గీతలు మారినప్పుడల్లా అమరుల ఊళ్లు కూడా చేతులు మారాయి. స్తూపానికి సున్నం వేయించే బాధ్యత ఎవరిదన్నది కూడా దాంతోపాటే మారుతుంది.

తర్వాత నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు. పాలమూరు వైపు ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో 1947లో జరిగిన కాల్పుల్లో 11 మంది ప్రాణాలు పోయాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జనం బురుజెక్కి పోరాడారు. ఆ బురుజే ఇప్పటికీ అక్కడ పెద్ద సాక్ష్యం. ఈ కాలం గురించి అందరూ ఒక్క మాటగా చెప్పగలరు.

అసలు కష్టం మూడో కాలంతోనే. 1948 సెప్టెంబర్ 17న, ‘పోలీసు చర్య’ పేరుతో వచ్చిన భారత సైన్యానికి నిజాం లొంగిపోయాడు. కానీ పంచిన భూములు వదలబోమన్న సంగపోళ్ల మీదికే మిలట్రీ తిరిగింది. 1951 అక్టోబర్ దాకా పోరు ఆగలేదు. పోరాటం మొత్తంలో 4,000 మంది చనిపోయారని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క. ఆ తర్వాతి ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేశారు. మరోవైపు, పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా హైదరాబాద్ సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు.

మ్యూజియంలో ఒక్కో కాలానికి ఒక్కో గది అనుకుంటే, కమ్యూనిస్టు పార్టీ నడిపితే మొదటి గది పెద్దదవుతుంది, ప్రభుత్వం నడిపితే రెండోది. మూడో గదికి తాళం పడుతుందేమోనన్నదే నా భయం. సెప్టెంబర్ 17 అనే ఆ ఒక్క రోజుకే ఎన్ని పేర్లు పెట్టారో చూడండి. 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024లో ప్రజాపాలన దినోత్సవమైంది. గోడ మీది రాత అలా మారుతూ ఉంటే బడిపిల్లలకు ఏం చెప్తాం?

జలియన్‌వాలాబాగ్ చరిత్ర ఇక్కడ చూడాలి. 1920లో జనం చందాలతో ఆ స్థలం కొన్నారు. 1951లో పార్లమెంటు చట్టంతో ట్రస్టు ఏర్పడింది. కాంగ్రెస్ అధ్యక్షుడు అందులో శాశ్వత సభ్యుడు. 2019 సవరణ ఆ స్థానాన్ని తీసేసింది. చట్టం ఉన్నచోటే ట్రస్టు రూపం మారింది.

అందుకే ఇక్కడ ట్రస్టులో ఏ పార్టీకీ పదవిరీత్యా కుర్చీ ఉండకూడదు. కడవెండి, బైరాన్‌పల్లి, అప్పంపల్లి, రజాకార్ల దాడికి గురైన గుండ్రాంపల్లి ఊళ్లకు, చనిపోయినవాళ్ల కుటుంబాలకు, చరిత్ర పరిశోధకులకు చోటివ్వాలి. భవనం కంటే ముందు, ఇళ్లలో మిగిలిన వడిసెలలు, సంగం చీటీలు సేకరించాలి. ఆ మూడు కాలాలనూ కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. వాళ్ల మాటలు ఈ ఏడాదే రికార్డు చేయాలి.