సమాధి దగ్గర తలనొప్పి మాత్రలు

చైనాలోని హెనాన్ ప్రావిన్స్, అన్‌యాంగ్ దగ్గర హాన్ సామ్రాజ్యం చివరి రోజుల్లో చక్రవర్తిని గుప్పిట్లో పెట్టుకుని వెయ్ రాజ్యానికి పునాది వేసిన సేనాని త్సావ్ త్సావ్ సమాధి మ్యూజియాన్ని 2023 ఏప్రిల్‌లో తెరిచారు. చూడటానికి వచ్చేవాళ్లు పూలతో పాటు ఇబుప్రోఫెన్ మాత్రల డబ్బాలు కూడా పెట్టి పోతున్నారు. ఆయనకు తలనొప్పి ఉండేదట. చనిపోయి 1,800 ఏళ్లు దాటినా ఇంకా తగ్గలేదన్నమాట! సరదా పనే కానీ, ఆ ఫొటోలు తిరిగినప్పుడల్లా పాత తగువు లేస్తోంది. రాజద్రోహికి ఈ మర్యాదలేంటని ఒక వర్గం, మీరు తిడుతున్నది ‘మూడు రాజ్యాల’ నవల్లో మనిషినని ఇంకో వర్గం.

హాన్ సామ్రాజ్యం కూలడం, 208లో ఎర్రకొండల యుద్ధం, వెయ్, షు, వూ అనే మూడు రాజ్యాలు ఏర్పడటం... ఈ కథతో వచ్చిన వీడియో గేమ్ ఆడే పిల్లాణ్ని అడిగినా ఇదంతా చెప్తాడు. తలనొప్పి సంగతే చూద్దాం.

తలనొప్పి నిజం. 3వ శతాబ్దపు చరిత్రకారుడు చెన్ షో రాసిన ప్రకారం, వైద్యుడు హువా తువో సూదులు గుచ్చితే నొప్పి తగ్గేది. తర్వాత హువా తువో భార్యకు ఒంట్లో బాగాలేదని ఇంటికెళ్లి, ఎన్ని కబుర్లు పంపినా తిరిగి రాలేదు. అబద్ధమని తేలాక త్సావ్ త్సావ్ అతన్ని ఖైదు చేసి చంపించాడు. 208లో తన గారాల కొడుకు జబ్బుపడి చనిపోతుంటే, అనవసరంగా ఆ వైద్యుణ్ని చంపుకున్నానని ఏడ్చాడు. అంటే అప్పటికే హువా తువో లేడు. లువో గ్వాన్‌జోంగ్ పేరున ఉన్న ‘మూడు రాజ్యాల’ నవల్లో మాత్రం అదే వైద్యుడు 219లో షు సేనాని గ్వాన్ యూ చేతి ఎముక మీది విషాన్ని గీకుతాడు. ఆ తర్వాత త్సావ్ త్సావ్‌తో, గొడ్డలితో పుర్రె తెరవాలంటాడు. గ్వాన్ యూ తరఫున నన్ను చంపడానికొచ్చావా అని త్సావ్ త్సావ్ అతన్ని జైల్లో వేయిస్తాడు. ఎముక గీకిన సంగతి చెన్ షో రాశాడు, వైద్యుడి పేరు రాయలేదు. రెండింటిలోనూ వైద్యుడు పోయాడు, పాపమూ త్సావ్ త్సావ్ ఖాతాలోదే. నవల చేసిందల్లా కారణం మార్చడం.

ఇంతకన్నా పెద్ద మార్పు ఒకే ఒక్క మాటలో జరిగింది. హాన్ దర్బారును చేతిలోకి తీసుకున్న సేనాని దొంగ్ జువో నుంచి పారిపోతూ త్సావ్ త్సావ్ తెలిసినవాడైన ల్యూ బోషె ఇంట్లో దిగాడు, అక్కడ మనుషుల్ని చంపాడు. చెన్ షో పుస్తకానికి 429లో వ్యాఖ్యానం పూర్తి చేసిన పెయ్ సోంగ్‌జి మూడు కథనాలు పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో ఇంటివాళ్లే గుర్రాన్నీ సామాన్నీ దోచుకోబోతే చంపాడు. రెండోదాంట్లో మర్యాద చేసినవాళ్లనే అనుమానించి, రాత్రివేళ ఎనిమిది మందిని నరికాడు. మూడోదాంట్లో గిన్నెల చప్పుడు విని ఆయుధాలనుకున్నాడు, చంపాక బాధపడి, “నేను ఒకరికి అన్యాయం చేసినా సరే, ఒకరు నాకు చేయకూడదు” అన్నాడు. నవల ఆ ‘ఒకరి’ని ‘లోకం’ చేసింది: లోకానికంతా నేను ద్రోహం చేసినా సరే, లోకం నాకు చేయకూడదు. బాధ తీసేసింది. సారా తెస్తూ దారిలో ఎదురైన ముసలాయన్ని నరకడం అదనం. అది పాత కథనాలు వేటిలోనూ లేదు. చైనాలో త్సావ్ త్సావ్ అనగానే గుర్తొచ్చేది ఆ ‘లోకం’ వాక్యమే.

ఈ ద్వేషం ఎక్కణ్నుంచి వచ్చింది? నా లెక్కలో అంతా 1127 దగ్గర తిరిగింది. 1084లో ముగిసిన చరిత్రకారుడు సిమా గ్వాంగ్ మహాచరిత్ర మూడు రాజ్యాల కాలాన్ని వెయ్ రాజుల పాలనా సంవత్సరాలతోనే లెక్కించింది. అది తేదీల సౌకర్యం కోసమే, హాన్ సామ్రాజ్యానికి ఎవరు అసలు వారసులో తేల్చడానికి కాదని ఆయనే రాసుకున్నాడు. 1127లో ఈశాన్యం నుంచి వచ్చిన జుర్చెన్లు ఉత్తరాన్ని గుంజుకున్నారు. చైనాను ఏలుతున్న సోంగ్ దర్బారు దక్షిణానికి పారిపోయింది. ఇప్పుడు వాళ్ల పరిస్థితి ఒక మూలకు నెట్టబడ్డ షు రాజ్యం పరిస్థితే. ఉత్తరం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే వారసులని ఒప్పుకుంటే సొంత కొంపే మునుగుతుంది. అందుకే తత్వవేత్త జూ షీ ఆ చరిత్రను కుదించినప్పుడు తేదీలను షు పేరుకు మార్చాడు. 4వ శతాబ్దంలో ఉత్తరం పోగొట్టుకున్న తూర్పు జిన్ కాలంలోనూ చరిత్రకారుడు షీ జువోచి ఇదే వాదన చేశాడు. చెన్ షో మాత్రం వెయ్ నుంచి అధికారం తీసుకున్న జిన్ కొలువులో ఉన్నాడు. వెయ్‌ని కాదంటే ఆయన ఉద్యోగం ఏమవుతుంది?

అంతకుముందే వీధుల్లో కథ చెప్తుంటే షు రాజ్యాన్ని స్థాపించిన లియూ బెయ్ ఓడినప్పుడు పిల్లలు ఏడ్చేవాళ్లని, త్సావ్ త్సావ్ ఓడితే కేరింతలు కొట్టేవాళ్లని కవి సూ షి రాశాడు. ఆయన పోయింది 1101లో. కాబట్టి ఇష్టాయిష్టాలు ముందునుంచీ ఉన్నాయి. 1127 తర్వాత వాటికి పండితుల ముద్ర పడింది, అంతే. తర్వాతి పని నవలది. మనకు దొరికే తొలి అచ్చుప్రతి 1522 నాటిది. 17వ శతాబ్దంలో మావో జోంగ్‌గాంగ్, తన తండ్రితో కలిసి దాన్ని దిద్ది షు వైపు ఇంకా మొగ్గేలా చేశాడు. త్సావ్ త్సావ్‌కి కుటిలత్వంలో సాటిలేనివాడని బిరుదిచ్చాడు. ఈ రోజు అందరూ చదివేది ఆ ప్రతే. నాటకాల్లో దుర్మార్గుడి గుర్తైన తెల్లరంగు ముఖం ఆయనకు స్థిరపడింది. మరోపక్క లియూ బెయ్‌కి ఎంత మేలు జరిగిందో చూడండి: తనిఖీ అధికారిని కట్టేసి కొట్టింది చరిత్రలో స్వయంగా ఆయనే, నవల్లో ఆయన అనుచరుడు జాంగ్ ఫెయ్.

1959లో రచయిత గ్వో మోరువో పత్రికలో వ్యాసం రాసి, నాటకం రాసి త్సావ్ త్సావ్‌ని నిలబెట్టే ప్రయత్నం చేశాడు. జనాన్ని రప్పించి సర్కారు భూములు సాగు చేయించిన 196 నాటి పద్ధతి, వంశం చూడకుండా పనిమంతుణ్ని తీసుకోమన్న 210 నాటి ఆజ్ఞ ఆ వాదానికి బలం. అవతలివాళ్లు 193లో షూజౌలో ఆయన సైన్యం చేసిన ఊచకోతను, 214లో హాన్ మహారాణి హత్యను గుర్తుచేస్తారు. రెండూ జరిగినవే.

2009 డిసెంబర్‌లో బయటపడ్డట్టు ప్రకటించిన సమాధిలో దాదాపు 60 ఏళ్ల పురుషుడి అవశేషాలు ఉన్నాయి. పులులతో పోరాడేందుకు ‘వెయ్ వూ రాజు’ (చనిపోయాక త్సావ్ త్సావ్‌కి ఇచ్చిన బిరుదు) వాడిన ఈటె అని చెక్కిన రాతి బిళ్ల కూడా దొరికింది. అంతవరకు 72 దొంగ సమాధులు కట్టించాడన్న కథే చలామణిలో ఉండేది. నవల్లోనూ ఉంది. ఆ దిబ్బలు ఆ తర్వాతి ఉత్తర రాజవంశాల కాలం నాటివని తేలింది. వీలునామాలో ఆయన అడిగింది తక్కువే: మామూలు బట్టలు, బంగారం వద్దు, అంతఃపుర స్త్రీలకు తీరిక ఉంటే చెప్పులు కుట్టి అమ్ముకోమనండి. ఇంకో మాట కూడా ఉంది: నాకు తల జబ్బు ఉంది, అందుకే ముందునుంచీ తలకు గుడ్డ కట్టుకుంటున్నాను.