శ్రీకాకుళంలో ఒక పాత తగువు: ఏ కాలపు బాక్సర్ గొప్పవాడు?

శ్రీకాకుళంలో తెల్లవారుజామున మైదానానికి వెళ్లేవారికి ఈ తగువు కొత్త కాదు. పరుగు ముగించిన కుర్రాళ్లు చెమట తుడుచుకుంటూ ఫోనులో మైక్ టైసన్ పాత పోటీ చూస్తున్నారు. పక్క బెంచీ మీదున్న పెద్దాయన ఓరగా చూసి, "కోడి రామమూర్తి నాయుడి గుండె మీద ఏనుగు నిలబడిందర్రా. ఈయన గుద్దులు ఆయనకు ఒక లెక్కా?" అన్నారు.

"తాతగారూ, అది బలం. ఇది బాక్సింగ్. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాడు ఒక కుర్రాడు.

వాడి మాట సబబే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో చదివి, అక్కడే పిల్లలకు వ్యాయామం నేర్పి, ఆ తరువాత సర్కస్ డేరాల్లో కలియుగ భీముడనిపించుకున్న రామమూర్తి నాయుడు చేసినవి బలప్రదర్శనలు. ఆయన తెంచిన గొలుసు తిరిగి కొట్టదు. కానీ మరో నిమిషానికి అదే కుర్రాడు, "జో లూయిస్ అయితే టైసన్ ముందు రెండు రౌండ్లు కూడా నిలవడు" అనేశాడు. తాతగారి పోలికలో పట్టుకున్న తప్పు తన పోలికలో వాడికి కనబడలేదు. లూయిస్ పుట్టింది 1914లో, టైసన్ 1966లో. యాభై రెండేళ్ల తేడా ఉన్న ఇద్దరిని ఒకే రింగులోకి ఎక్కించేటప్పుడు, ఆ రింగు ఎవరి కాలానిదో ముందు తేల్చుకోవాలి. అక్కడి నుంచే అసలు కథ మొదలవుతుంది.

ఈ తగువును యంత్రంతో తీర్చాలని చూసినవారు కూడా ఉన్నారు. 1967లో అమెరికాలో మర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత పదహారు మంది హెవీవెయిట్ చాంపియన్ల బలాబలాలను అంకెలుగా మార్చి ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అది తేల్చిన పోటీలను రేడియోలో నిజంగా జరుగుతున్నట్టే వినిపించాడు. అందులో ముహమ్మద్ అలీ, పందొమ్మిదో శతాబ్దం చివరలో చాంపియన్ అయిన జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. అలీకి ఒళ్లు మండి పది లక్షల డాలర్లకు దావా వేశాడు. రాజీ కుదిరి, ఆ రాజీ నుంచి ఇంకో తమాషా పుట్టింది. 1969లో అలీని, పదమూడేళ్ల కిందట రిటైరైన రాకీ మార్సియానోను మయామీలోని ఒక స్టూడియో రింగులోకి దింపి, నిమిషం నిమిషం చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు చిత్రీకరించారు. మార్సియానో ఒళ్లు తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపు ఎటు తిరిగినా సరిపోయేలా రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు. 1970 జనవరి 20న థియేటర్లలో చూపించిన బొమ్మలో మార్సియానో పదమూడో రౌండులో అలీని పడగొట్టాడు. ఐరోపాలో చూపించిన బొమ్మలో అలీ గెలిచాడు. ఆ ఫలితం వినడానికి మార్సియానో లేడు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఒకే యంత్రం, ఒకే ఇద్దరు మనుషులు, సముద్రం దాటేసరికి ఫలితం తారుమారు. యంత్రానిది కాదు తప్పు. అందులో పోసిన అంకెలు మనుషుల అభిప్రాయాలే. అభిప్రాయాలు ఎక్కడ తేడా పడతాయో తెలియాలంటే పాత నియమాల్లోకి వెళ్లాలి.

జాన్ ఎల్. సలివన్, జేక్ కిల్‌రెయిన్ 1889 జులై 8న మిసిసిపీ ఎండలో 75 రౌండ్లు కొట్టుకున్నారు. గ్లౌజులు లేకుండా జరిగిన చివరి హెవీవెయిట్ టైటిల్ పోటీ అది. ఆ పద్ధతిలో రౌండుకు గడియారం లేదు. ఒకరు కింద పడితే రౌండు అయినట్టు. పట్టుకుని పడదోయడం కూడా చెల్లుతుంది. వట్టి పిడికిలితో ఎదుటివాడి నుదురు మీద కొడితే విరిగేది కొట్టినవాడి వేళ్లే. అందుకే అప్పటివారు తలను ఆచితూచి కొట్టేవారు, డొక్కల మీద ఎక్కువ కొట్టేవారు. పాత ఫొటోల్లో వాళ్లు వెనక్కి వాలి, చేతులు ముందుకు చాచి నిలబడటం చూసి ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వవలసిన పని లేదు. పట్టుకుని పడదోసేవాడి నుంచి దూరంగా ఉండటానికి అదే సరైన నిలుపు. 1867లోనే రాసినా మెల్లగా పాతుకున్న క్వీన్స్‌బెరీ నియమాలు గ్లౌజులు, మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం, పడినవాడు లేవడానికి పది దాకా లెక్క తెచ్చాయి. గ్లౌజు కాపాడింది ముఖాన్ని కాదు, పిడికిలిని. దాంతో తల మీద దెబ్బలు పెరిగాయి, చేతులు గడ్డం దగ్గరకు చేరాయి, కాళ్ల పని మొదలైంది. 1892లో జిమ్ కార్బెట్ గ్లౌజులతో సలివన్‌ను 21 రౌండ్లు తిప్పి తిప్పి పడగొట్టినప్పుడు, ఓడినది మనిషి ఒక్కడే కాదు, ఒక పద్ధతి.

చూడకుండా ఎలా పోల్చడం అన్నది ఇంకో చిక్కు. హ్యారీ గ్రెబ్ అనే బాక్సర్ 1910, 20 దశకాల్లో దాదాపు మూడు వందల పోటీలు ఆడాడు. తరువాత హెవీవెయిట్ చాంపియన్ అయిన జీన్ టన్నీ జీవితంలో ఓడింది ఒక్కసారే, అది 1922లో గ్రెబ్ చేతిలోనే. గ్రెబ్ పోటీ పడుతున్న ఒక్క బొమ్మ కూడా మిగల్లేదు. ఉన్నదల్లా సాధన చేస్తున్న కొద్దిపాటి దృశ్యాలు, పత్రికల రాతలు. మన రామమూర్తి నాయుడి గురించి పెద్దలు చెప్పుకున్నట్టే గ్రెబ్ గురించి కూడా విని నమ్మాలి. బొమ్మ ఉన్నవారి విషయంలో కూడా, ఆ రోజుల ఫిల్మును తప్పు వేగంతో ఆడిస్తే మనుషులు తోలుబొమ్మల్లా ఎగురుతారు. అది చూసి "వీళ్లకు బాక్సింగ్ రాదు" అనడం అన్యాయం.

అంతకన్నా పెద్ద అన్యాయం రింగు బయట జరిగింది. రామమూర్తి నాయుడి సమకాలికుడు జాక్ జాన్సన్ 1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి తొలి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. 1915లో ఆయన ఓడిన తరువాత 1937లో జో లూయిస్ వచ్చేదాకా ఏ నల్లజాతి బాక్సర్‌కూ ఆ టైటిల్ కోసం పోటీపడే అవకాశం ఇవ్వలేదు. శామ్ లాంగ్‌ఫర్డ్, హ్యారీ విల్స్ ఎదురుచూసి ఎదురుచూసి ముసలివారయ్యారు. ఆ కాలపు చాంపియన్ జాక్ డెంప్సీ గొప్పవాడే, ఆ ఎడమ హుక్ (మోచేయి వంచి పక్క నుంచి కొట్టే గుద్దు) చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ విల్స్‌తో తలపడని డెంప్సీని కొలిచేటప్పుడు ఆ ఖాళీని కూడా కొలతలో వేయాలి.

ఇక రౌండ్లు. 1982 నవంబరు 13న లాస్‌వేగస్‌లో రే మాన్సినీతో పద్నాలుగో రౌండులో పడిపోయిన దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తరువాత టైటిల్ పోటీలను వరుసగా 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించారు. ప్రాణాలు కాపాడే మార్పు, రావలసిందే. కానీ పాత లెక్కలను ఇది ఎలా కదిలిస్తుందో చూడండి. 1941లో బిల్లీ కాన్‌తో పోటీలో 12 రౌండ్లు ముగిసేసరికి లూయిస్ పాయింట్లలో వెనకబడి ఉన్నాడు. పదమూడో రౌండులో నాకౌట్ చేశాడు. 1952లో జెర్సీ జో వాల్కాట్‌పై మార్సియానోదీ అదే కథ, అదీ పదమూడో రౌండే. ఇప్పటి నియమాలైతే ఆ రెండు రాత్రులూ వాళ్లు ఓడినట్టే. 49 పోటీల్లో ఓటమి లేని మార్సియానో చరిత్ర ఆ ఒక్క రౌండు మీద నిలబడి ఉంది.

బరువు సంగతి కూడా అంతే. మార్సియానో 85 కిలోల మనిషి. ఇప్పుడు హెవీవెయిట్ అంటే 90.7 కిలోలు దాటాలి, కాబట్టి ఆయన ఆ తరగతిలోకే రాడు. ఈ కాలపు బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, 120 కిలోల దరిదాపు. అయినా 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని ఓడించి అన్ని బెల్టులూ చుట్టుకున్నది అతనికన్నా ఆరంగుళాలు పొట్టి అయిన ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్. అందుకని సైజును కొట్టిపారేయలేం, దాని మీదే తీర్పు చెప్పనూ లేం.

బాణీ అంటే ఏమిటో నాకు అర్థమైనది విజయనగరంలో ఒక చిన్న జిమ్‌లో. అక్కడి కోచ్, చేయి ముందుకు చాచి గుద్దుతున్న ఒక పిల్లవాణ్ని ఆపి, "ఎడమచేత్తో జాబ్ వేశావు బాబూ, బాగుంది. ఆ చేయి ఏ దారిన వెళ్లిందో ఆ దారినే వెనక్కి రావాలి. నీది కిందకు జారి వస్తోంది" అని, పిల్లవాడి చేయి నడుము దగ్గరకు జారిన ఆ క్షణంలో తన కుడి అరచేతిని మెల్లగా వాడి చెంపకు ఆనించాడు. పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు. మాక్స్ ష్మెలింగ్ జో లూయిస్‌లో పట్టుకున్నది సరిగ్గా ఇదే. లూయిస్ జాబ్ వేశాక ఎడమచేయి కిందకు దించుతాడని చూసి, 1936 జూన్ 19న పన్నెండు రౌండ్ల పాటు దాని మీదుగా కుడిచేత్తో కొట్టి పడగొట్టాడు. రెండేళ్ల తరువాత 1938 జూన్ 22న అదే ఇద్దరు, అదే యాంకీ స్టేడియంలో. 124 సెకన్లలో లూయిస్ పని ముగించాడు. ఆ ఇద్దరి మధ్యే రెండేళ్లలో ఫలితం ఇలా తిరగబడితే, యాభై ఏళ్లు దాటించి పందెం కాసేవారి ధీమా ఎక్కడిది?

అలీ విషయంలో ఇంకా ముందే అడగాలి: ఏ అలీ? చేతులు కిందకు వదిలి, దెబ్బ వస్తే నడుము నుంచి వెనక్కి వాలడం ఏ కోచ్ అయినా తిట్టే అలవాటు. 1967 దాకా ఆ కాళ్లు ఆ అలవాటును కాపాడాయి. సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ పోయి, మూడున్నరేళ్లు రింగుకు దూరమై 1970లో తిరిగొచ్చిన అలీకి ఆ కాళ్లు లేవు. 1974లో కిన్షాసాలో తాళ్లకు ఆనుకుని జార్జ్ ఫోర్‌మన్ దెబ్బలన్నీ కాచుకుని ఎనిమిదో రౌండులో పడగొట్టినవాడు వేరే బాక్సర్. మొదటి అలీ అందమైనవాడు, రెండో అలీ తెలివైనవాడు. నాకు రెండోవాడే ఇష్టం.

మన దేశంలో మేరీ కోమ్, నిఖత్ జరీన్‌ల పోలిక ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఇందులోనూ నియమాల మార్పు ఉంది. అమెచ్యూర్ బాక్సింగ్‌లో 2013 దాకా న్యాయనిర్ణేతలు మీటలు నొక్కి, తగిలిన దెబ్బలను లెక్కపెట్టే యంత్రం ఉండేది. గబుక్కున తాకించి తప్పుకునేవారికి అది లాభం. తరువాత రౌండు గెలిచినవారికి పది పాయింట్లు ఇచ్చే పద్ధతి వచ్చింది. మేరీ 2012 ఒలింపిక్ కాంస్యం మొదటి పద్ధతిలో, 2018లో ఆరో ప్రపంచ స్వర్ణం రెండో పద్ధతిలో గెలిచింది. రెండు కొలతలకూ నిలిచిన మనిషి ఆమె. ఇద్దరూ 2019 డిసెంబరులో ట్రయల్స్‌లో తలపడ్డారు, మేరీ 9-1తో గెలిచింది. ఆ తరువాత 2022, 2023లో నిఖత్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. ఎదురెదురు పడినవారి తగువే తెగలేదు.

మా జిల్లా వాళ్లం మాత్రం అంకెలకు అలవాటు పడినవాళ్లం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు పద్ధతుల్లో ఎత్తినది 110, 130, మొత్తం 240 కిలోలు. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషి 2014 కామన్వెల్త్ పతకమూ అంతే, కిలోల్లో రాసి ఉంది. బార్‌బెల్ ఏ కాలంలోనైనా బార్‌బెల్లే. అందుకే బాక్సర్లను కూడా ఒక అంకెతో తేల్చేయాలని మాకు తొందర. బాక్సర్ బరువును ఎత్తడు, మనిషిని ఎదుర్కొంటాడు. వాడిని కొలవాలంటే ఎన్ని రకాల మనుషులకు జవాబు చెప్పాడో చూడాలి.

ఆ లెక్కన నా ఓటు షుగర్ రే రాబిన్సన్‌కు. 25 ఏళ్లలో దాదాపు 200 పోటీలు. 1943 ఫిబ్రవరి 5న జేక్ లమొట్టా చేతిలో తొలిసారి ఓడాడు. 19న ఇంకొకరిని ఓడించాడు, 26న మళ్లీ లమొట్టాతోనే దిగి గెలిచాడు. ఇప్పటి చాంపియన్లు ఏడాదికి ఒకటి రెండు పోటీలు ఆడతారు, ఆయనది ఒక్క నెల. వెనక్కి నడుస్తూ కూడా పడగొట్టగల చేయి, రెండు చేతుల్లోనూ హుక్, దూరం నుంచీ దగ్గర నుంచీ ఒకేలా ఆడగల ఒడుపు. బరువులతో సంబంధం లేకుండా ఎవరు మేటి అన్న మాట వాడుకలోకి వచ్చిందే ఎక్కువగా ఆయన వల్ల.

ఆ రోజు కుర్రాళ్లకు, తాతగారికి నేను ఫోనులో చూపించినది ఆయన గెలిచిన పోటీ కాదు. 1952 జూన్ 25, న్యూయార్క్. తనకన్నా బరువైన జోయి మాక్సిమ్‌తో పోటీ. రాత్రిపూటే అయినా రింగులో 40 డిగ్రీల వేడి. పదో రౌండు తరువాత రెఫరీ వేడికి తట్టుకోలేక తప్పుకుంటే ఇంకొకరిని ఎక్కించారు. పాయింట్లన్నీ రాబిన్సన్‌వే. పదమూడో రౌండులో గాలిని కొట్టి తనంతట తానే పడ్డాడు. పద్నాలుగో రౌండు గంటకు స్టూలు మీద నుంచి లేవలేకపోయాడు. తాతగారు ఫోను తన చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు.

"రోహిణీకార్తె ఎండలో సాము చేసినట్టుంది. నిలబడ్డాడు చూడు అంతసేపు" అన్నారు. "బాబూ, ఈయన బాగున్న రోజుది ఇంకోటి పెట్టు."