సున్నం గోడే దీపం

లండన్ నేషనల్ గ్యాలరీలో డచ్ చిత్రకారుడు పీటర్ సాన్రెడామ్ వేసిన ఒక చిన్న చిత్రం ఉంది. ఎత్తు 60 సెంటీమీటర్లు, వెడల్పు 50. ఉట్రెక్ట్ నగరంలోని బ్యూర్‌కెర్క్ అనే చర్చి లోపలి భాగమది. లావుపాటి స్తంభాలు, కమానులు, ఖాళీ నేల. నిజానికి చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. అయినా కాసేపు నిలబడితే మనసు నెమ్మదిస్తుంది.

బరోక్ అనే 17వ శతాబ్దపు యూరప్ కళాశైలి పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో. చిమ్మచీకట్లో ఓ పక్కనుంచి కత్తిలా పడే వెలుగు. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. కారణం, గోడలకు కొట్టిన సున్నం. అది ఆరుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. ఆ సన్నటి స్ఫటికాలు తమ మీద పడ్డ కాంతిలో చాలా భాగాన్ని, ఏ రంగునూ పెద్దగా మింగకుండా, అన్ని దిక్కులకూ వెదజల్లుతాయి. కిటికీలోంచి వచ్చిన వెలుగు గోడ నుంచి స్తంభానికి, అక్కణ్ణుంచి కమాను కిందికి చేరుతుంది. ప్రతి గోడా ఎదుటి గోడకు దీపమే. వెలుగు ఇన్ని వైపులనుంచి వస్తుంటే నీడల అంచులు మెత్తబడక ఏం చేస్తాయి? కొత్తగా సున్నం వేసిన గదిలో పగటిపూట కూర్చున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

దగ్గరికెళ్లి చూస్తే వట్టి తెలుపు తక్కువే. మీగడ రంగు, లేత బూడిద రంగు ఒకదాంట్లోకి ఒకటి జారుతుంటాయి.

సాన్రెడామ్‌ది సర్వేయర్ ఓపిక. చర్చిలో కూర్చుని స్కెచ్ గీసింది 1636 ఆగస్టులో, చిత్రం వేసింది 1644లో. కొలతల ప్రకారం మళ్లీ గీసుకోవడం, కాగితం వెనక నల్లగా పూసి, గీతల మీద ఒత్తి చెక్క మీదికి దించడం ఆయన పద్ధతి. మన కార్బన్ పేపర్ లాంటిదే.

ఈ ప్రశాంతత వెనక పెద్ద గొడవే ఉంది. 16వ శతాబ్దం చివర్లో ఉట్రెక్ట్ చర్చిలు ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చాయి. గుడిలో బొమ్మలు ఉండకూడదన్నది వాళ్ల పట్టు. విగ్రహాలు తీసేశారు, గోడల మీది చిత్రాలకు సున్నం కొట్టేశారు. మనం మెచ్చుకుంటున్న వెలుగు ఆ సున్నానిదే.

చిత్రంలో కుడివైపు కింద ఇద్దరు పిల్లలున్నారు. ఒకడు కుక్కను ఆడిస్తున్నాడు. రెండోవాడు ఆ తెల్లగోడ మీదే బొమ్మ గీస్తున్నాడు, ఒకే గుర్రమెక్కిన నలుగురు అన్నదమ్ములు, ఏదో పాత వీరగాథలోంచి. చర్చి పేరు, సంవత్సరం, తన సంతకం సాన్రెడామ్ ఆ పిల్లాడి గీతల కిందే రాసుకున్నాడు.