‘ది మెమరీ పోలీస్’ నవల: అపోహలు – వాస్తవాలు

ఒక ద్వీపంలో వస్తువులు ఒక్కొక్కటిగా ప్రజల మనసుల్లోంచి మాయమైపోతుంటే, వాటిని మరిచిపోలేనివారిని ‘మెమరీ పోలీసులు’ వేటాడే కథ ఇది. జపాన్ రచయిత్రి యోకో ఒగావా రాసిన ఈ నవలను అనువాద సాహిత్య తరగతిలో చెప్పే ప్రతిసారీ, పుస్తకం తెరవకముందే విద్యార్థులకు దానిపై కొన్ని నిశ్చితాభిప్రాయాలు ఉండటం గమనిస్తుంటాను. వాటిలో చాలావరకు అట్ట వెనుక రాతల నుంచి వచ్చినవే.

అపోహ: ఇది నేటి డిజిటల్ నిఘా మీద రాసిన కొత్త నవల.

వాస్తవం: జపనీస్ మూలం 1994లోనే వెలువడింది. స్టీఫెన్ స్నైడర్ ఆంగ్లానువాదం 2019లో వచ్చి, మరుసటి ఏడాది అంతర్జాతీయ బుకర్ బహుమతి తుది జాబితాకు చేరడంతో ఇది అప్పుడే రాసిన పుస్తకమన్న భ్రమ కలిగింది. దీని మూలాలు భవిష్యత్తులో కాక గతంలో ఉన్నాయి. నాజీలకు దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక రహస్య స్థావరంలో దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ రాసిన డైరీని ఒగావా కౌమారంలోనే చదివి గాఢంగా ప్రభావితురాలయ్యారు. నవలా రచయిత్రి అయిన కథానాయిక తన ఇంటి రెండు అంతస్తుల నడుమ రహస్య గది కట్టించి, ఏదీ మరిచిపోలేని తన సంపాదకుడు ‘ఆర్’ను అందులో దాచిపెట్టే ఘట్టాల్లో ఆమ్‌స్టర్‌డామ్ ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది.

అపోహ: పోలీసులే ప్రజల జ్ఞాపకాలను చెరిపేస్తారు.

వాస్తవం: నా దృష్టిలో ఈ నవలకు జరిగే అన్యాయమంతా ఈ ఒక్క అపోహలోనే ఉంది. పేరులేని ఆ ద్వీపంలో మరుపు ఎవరి ఆజ్ఞా లేకుండానే వస్తుంది. ఒక ఉదయం నిద్ర లేచేసరికి గాలిలో ఏదో తేడా తెలుస్తుంది, ఆ రోజు మాయమైనది పక్షులైతే, ఎగిరే పిట్ట కంటికి కనిపిస్తూనే ఉన్నా అది మనసులో ఏ స్పందననూ కలిగించదు. ఆ తరువాతి పని ప్రజలే చేస్తారు. గులాబీలను నదిలో కలిపేస్తారు, క్యాలెండర్లను కాల్చేస్తారు, చివరికి నవలలనూ మంటల్లో వేస్తారు. టోపీలు చేసే మనిషి గొడుగులు చేయడం మొదలుపెడతాడు, జీవితం సర్దుకుంటుంది. మరి పోలీసులు చేసేదేమిటంటే, మిగిలిపోయిన ఆనవాళ్లను వెతికి పట్టుకోవడం, మరిచిపోలేని కొద్దిమందిని ఎత్తుకుపోవడం. కథానాయిక తల్లి అలా వెళ్లి ప్రాణాలతో తిరిగిరాలేదు. పక్షి శాస్త్రవేత్త అయిన తండ్రి అప్పటికే మరణించినా, ఆయన గదిలోని కాగితాలను సైతం వాళ్లు వదలలేదు. అంటే రాజ్యం ఇక్కడ మరుపును సృష్టించదు, దానికి కాపలా కాస్తుంది. ఎందుకు కాస్తుందో రచయిత్రి చెప్పరు. చెప్పి ఉంటే మనం ఆ కారణాన్ని ఖండించి, ప్రజల సహకారాన్ని పట్టించుకోకుండా ఊరుకునేవాళ్లం.

అపోహ: చివరికి తిరుగుబాటు జరుగుతుంది.

వాస్తవం: జరగదు. (ముగింపు ముందే తెలియకూడదనుకునేవారు ఈ భాగం వదిలేయవచ్చు.) మాయమవడం వస్తువులతో ఆగదు. ఒక ఉదయం అందరికీ ఎడమకాలు మాయమవుతుంది. కాలు ఒంటికి అంటుకునే ఉంటుంది, కానీ అది తమదన్న భావం పోతుంది. దానికీ అలవాటుపడతారు. చివరకు కథానాయిక గొంతుగా మాత్రమే మిగిలి, ఆ గొంతూ పోయాక, ‘ఆర్’ గది నుంచి బయటికి వస్తాడు. దాన్ని విముక్తి అనాలో వద్దో తరగతిలో ఏకాభిప్రాయం కుదిరినట్టు నాకు గుర్తులేదు.

అపోహ: కథానాయిక రాస్తున్న నవల భాగాలు దాటవేయదగిన పిట్టకథ.

వాస్తవం: గొంతు పోగొట్టుకున్న ఒక టైపిస్టును ఆమెకు టైపింగ్ నేర్పిన గురువే గడియారపు గోపురంలో బంధించే ఆ లోపలి కథలో రాజ్యమూ లేదు, సోదాలూ లేవు. ఉన్నది ఇద్దరే. అయినా అక్కడ సాగే ఆధిపత్యం బయటి ద్వీపంలోని దానికన్నా సంపూర్ణమైనది, ఎందుకంటే బందీకి క్రమంగా గోపురం బయటి ప్రపంచమే పరాయిదైపోతుంది. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే, పోలీసులు లేకపోయినా ఆ ద్వీపవాసులు ఇలాగే ఉండేవారా అన్న ప్రశ్న వేయడానికి పాఠకుడికి వీలవుతుంది.