మోసపోతే దాచకండి: సైబర్ మోసాలపై అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా బ్యాంకులో ఫ్రాడ్ మానిటరింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. తేడాగా కనిపించిన లావాదేవీని ఆపడం, ఆపలేకపోతే ఆ డబ్బు ఏ ఖాతాకు పోయిందో వెంటపడి పట్టుకోవడం మా పని. జనం నోట రోజూ వినే కొన్ని మాటల వల్ల నిజంగానే డబ్బు పోతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చదువు లేనివాళ్లు, అత్యాశపరులే మోసపోతారు

నేను చూసిన కేసుల్లో డాక్టర్లున్నారు, ఆడిటర్లున్నారు. ఒకాయన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ‘మీ పేరు మీద వెళ్తున్న పార్శిల్లో డ్రగ్స్ దొరికాయి’ అని ఆయనకు ఫోనొచ్చింది. వెంటనే వీడియో కాల్. అవతల యూనిఫాంలో మనిషి, వెనక గోడ మీద పోలీసు చిహ్నం. రెండు రోజులు బ్యాంకుకు వెళ్లడానికి తప్ప ఆయన్ని గది దాటనివ్వలేదు. భార్య అన్నం కంచం తెస్తే గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లమని సైగ చేశారట. మూడు విడతల్లో ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలు పంపే బ్యాంకు బదిలీ) చేశారు. ‘ఇంత పెద్ద మొత్తం ఎవరికి సార్?’ అని కౌంటర్లో అమ్మాయి అడిగితే, వాళ్లు నేర్పిన మాటే చెప్పారు: ‘స్థలం కొంటున్నామమ్మా.’ ముప్పై ఏళ్లు అలాంటి కౌంటర్ల వెనకే పనిచేసిన మనిషి ఆయన. భయం పట్టుకుంటే ఎంత అనుభవమైనా ఆ రెండు రోజులూ అక్కరకు రాదు.

ఇలా వీడియో కాల్లో నిర్బంధించడాన్నే ‘డిజిటల్ అరెస్ట్’ అంటున్నారు. మన చట్టంలో అలాంటిదే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని కూడా మన్ కీ బాత్‌లో ఈ మాట చెప్పారు. పోలీసులు గానీ, సీబీఐ గానీ, ఈడీ గానీ వీడియో కాల్లో అరెస్ట్ చేయరు. ‘వెరిఫికేషన్ కోసం’ డబ్బు పంపమని అసలే అడగరు.

అపోహ: పోయిన డబ్బు ఎలాగూ రాదు, ఫిర్యాదు దేనికి?

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. మీ ఖాతాలోంచి పోయిన డబ్బు నేరుగా దొంగ జేబులోకి వెళ్లదు. ముందు ఒక మ్యూల్ ఖాతాలో పడుతుంది. అంటే కమీషన్ కోసం ఎవరో వాడుకోవడానికి ఇచ్చేసిన ఖాతా. అక్కడి నుంచి ముక్కలై ఇంకో పదింటికి, వాటి నుంచి ఏటీఎంలకో క్రిప్టోకో వెళ్తుంది. మీరు సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ లావాదేవీ వివరాలు మొదటి బ్యాంకుకు చేరతాయి. అక్కడ ఇంకా మిగిలి ఉన్న డబ్బును స్తంభింపజేస్తారు. అప్పటికే వేరే బ్యాంకుకు దాటి ఉంటే ఫిర్యాదు కూడా దాని వెనకే ఆ బ్యాంకుకు వెళ్తుంది. ఇదంతా పరుగు పందెం. మొదటి గంటలో చెప్పినవాళ్ల డబ్బు మేం చాలాసార్లు ఆపగలిగాం.

ఆ మేనేజరుగారు నాలుగో రోజు చెప్పారు. ‘పిల్లలకు తెలిస్తే ఏమనుకుంటారో’ అని ఆగారట. అప్పటికి మొదటి ఖాతాలో మిగిలింది వేలల్లోనే. ఇంట్లో ఎవరైనా మోసపోయామని చెబితే దయచేసి ముందు 1930కి ఫోన్ చేయించండి. యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి ఉండే గుర్తింపు సంఖ్య), సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి. తిట్లు, ప్రశ్నలు తర్వాత.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటుంది. తప్పు మీది కాకుండా, బ్యాంకుదీ కాకుండా మూడోవారి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండకూడదని 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మీరే పొరపాటున ఓటీపీ చెప్పేసినా సరే, మీరు బ్యాంకుకు ఫిర్యాదు చేశాక జరిగే నష్టం బ్యాంకుదేనని అందులోనే ఉంది.

అపోహ: ఓటీపీ చెప్పకపోతే చాలు

తెలిసినవాళ్ల నంబరు నుంచే వాట్సాప్‌లో ‘ఆర్టీఓ చలాన్’ అనో, ‘పెళ్లి శుభలేఖ’ అనో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కితే ముందు ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి అడుగుతుంది, తర్వాత మెసేజ్‌లు చదవడానికి. రెండిటికీ ఓకే అన్నారా, ఇక ఓటీపీ మీరు చెప్పనక్కర్లేదు, మీ ఫోనే పంపించేస్తుంది. చాలాసార్లు ఐకాన్ కూడా కనబడదు. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే అది యాప్. నొక్కేశారా, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేసి, ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేయండి.

అపోహ: తాళం గుర్తుంటే అసలు సైటే

కొన్ని బ్రౌజర్లలో సైటు చిరునామా పక్కన కనిపించే ఆ గుర్తుకు అర్థం మీకూ ఆ సైటుకూ మధ్య సమాచారం గోప్యంగా వెళ్తుందని మాత్రమే. అవతల ఉన్నది దొంగ అయినా అది కనిపిస్తుంది. ఇప్పుడు మన బ్యాంకుల అసలు సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగుస్తాయి, అది చూసుకోండి. అన్నట్టు, యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టే అవసరం ఎప్పుడూ ఉండదు.

అపోహ: సంస్థల భద్రత ఐటీ వాళ్ల పని

2022 జనవరిలో హైదరాబాద్ మహేశ్ బ్యాంకు నుంచి సైబర్ నేరగాళ్లు 12 కోట్లకు పైగా కొట్టేశారు. దారి ఎక్కడ దొరికిందా అని పోలీసులు తవ్వితే, అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు వచ్చిన ఫిషింగ్ మెయిళ్ల (నమ్మించి నొక్కించే దొంగ మెయిళ్ల) దగ్గర తేలింది. ఫైళ్లు తెరుచుకోకుండా చేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ 2017 మేలో ప్రపంచాన్ని వణికించింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ ఆ మార్చిలోనే వచ్చేసింది. ‘తర్వాత గుర్తుచేయి’ అని నొక్కే ప్రతి సీటూ ఆ కథలో భాగమే.

మా దగ్గర నెలకోసారి మేమే నకిలీ ఫిషింగ్ మెయిల్ పంపుతాం. మొదట్లో నొక్కినవాళ్ల పేర్లు వాళ్ల మేనేజర్లకు వెళ్లేవి. దాంతో ఎవరూ నోరు విప్పేవారు కాదు, నిజమైన మెయిల్ వచ్చినప్పుడు కూడా. పేర్లు పంపడం మానేశాం. పోయిన నెల మెయిల్ వెళ్లిన నాలుగు నిమిషాలకే క్యాష్ కౌంటర్ నుంచి ఫోనొచ్చింది: ‘సార్, నొక్కేశాను. ఇప్పుడేం చేయమంటారు?’