బేస్ అంతా పెట్టెలోనే ఉంది

బేస్ మోగించే స్పీకర్, అదే కొత్త సబ్‌ఊఫర్ కొని, పెట్టె లేకుండా బల్ల మీద పెట్టి, ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) తీగలు తగిలించి చూడండి. మధ్యలో గరాటులా ఉండే కోన్ గజగజ ఊగుతుంది కానీ బేస్ మాత్రం రాదు. పీసు బాగోలేదని షాపువాడితో గొడవకి దిగక్కర్లేదు. కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. మన ఉక్కపోతలో, 30 డిగ్రీల దగ్గర, ధ్వని సెకనుకి దాదాపు 349 మీటర్లు పోతుంది. అంటే 40 హెర్ట్జ్ (సెకనుకి నలభై ఊపులు) ధ్వని అల పొడవు దగ్గర దగ్గర 8.7 మీటర్లు. అంత పెద్ద అలకి అడుగు వెడల్పు కోన్ ఒక అడ్డమే కాదు. ముందు పుట్టిన ఒత్తిడి పక్కనుంచి జారి వెనక వెలితిని పూడ్చేస్తుంది. ఈ రెంటినీ కలవనివ్వకుండా ఉంచడమే పెట్టె చేసే మొదటి పని.

రెండో పని చాలామందికి తట్టదు. మూసిన పెట్టెలోని గాలి కోన్‌కి స్ప్రింగులా పనిచేస్తుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ దీన్ని వాడుకునే స్పీకర్ తయారుచేశాడు. కోన్ చుట్టూ ఉండే పట్టు బాగా వదులు చేసి, దాన్ని వెనక్కి తోసే పని గాలికే అప్పజెప్పాడు. దాంతో చిన్న పెట్టెలోంచే లోతైన బేస్ వచ్చింది. పెట్టె మరీ చిన్నదైతే ఈ స్ప్రింగు బిగుసుకుపోయి, పాట ఏదైనా ఒకే గుబగుబ వినిపిస్తుంది. అందుకే ఊఫర్‌తో వచ్చే కాగితం మీద వాట్ల కంటే ఎఫ్ఎస్ (కోన్ తనంతట తాను ఊగే స్వరం), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో), వీఏఎస్ (కోన్ పట్టుకి సమానమైన స్ప్రింగులా పనిచేసే గాలి ఎన్ని లీటర్లో) అనే మూడు అంకెలు ముఖ్యం. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ వీటితో పెట్టె లెక్కకట్టే పద్ధతిని స్థిరపరిచారు. మన షాపుల్లో అన్ని ఊఫర్లకీ ఒకే రెడీమేడ్ పెట్టె అంటగట్టడం నాకు నచ్చనిది ఇందుకే.

ఒక లెక్క చూద్దాం. 12 అంగుళాల ఊఫర్‌కి 35 లీటర్ల మూసిన పెట్టె కావాలనుకోండి. లోపలి కొలత 42, 36, 25 సెంటీమీటర్లు పెడితే 37.8 లీటర్లు వస్తుంది. మాగ్నెట్టూ లోపలి చెక్క పట్టీలూ ఆక్రమించే రెండు మూడు లీటర్లు తీసేస్తే సరిపోతుంది. ఈ తీసివేత మర్చిపోయి పెట్టె కోసేవాళ్లే ఎక్కువ. కోన్ విస్తీర్ణం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు. అది ఒక సెంటీమీటరు లోపలికి వెళితే అర లీటరు గాలి నొక్కుకుంటుంది, అంటే పెట్టెలో ఒత్తిడి దాదాపు 2 శాతం పెరుగుతుంది. వినడానికి ఇది చిన్నదే. కానీ వెనక పలక మొత్తం మీద లెక్కేస్తే 30 కిలోల బరువు బయటికి నెట్టినట్టు! మరుక్షణం అంతే బలంతో లోపలికి లాగుతుంది. సెకనుకి నలభై సార్లు ఈ తోపూ లాగుడూ. పలక వంగితే ఆ మేరకు బేస్ పోయి, దాని బదులు చెక్క మోత వస్తుంది. పలక గట్టిదనం మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన పెరుగుతుంది కాబట్టి 12 మిల్లీమీటర్ల పలక కంటే 18 మిల్లీమీటర్లది మూడు రెట్ల పైనే గట్టిది. వెనక పలక నడుమ ఒక పట్టీని అంచు మీద నిలబెట్టి అతికిస్తే ఇంకా మంచిది.

ఏ చెక్క? ఇంటర్నెట్‌లో అందరూ ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసిన పలక) అంటారు. బరువుగా, ఒకే తీరుగా ఉంటుంది, నిజమే. కానీ అమలాపురం, నర్సాపురం వైపు ఉండేవాళ్లకి నేను ఆ సలహా ఇవ్వను. వానాకాలం తేమకి ఎండీఎఫ్ కోసిన అంచులు ఉబ్బుతాయి, స్క్రూ పట్టు వదులవుతుంది, అక్కడ గాలి కారుతుంది. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశపు ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ ఖరీదెక్కువైనా ఇక్కడికి అదే నయం. అతుకులన్నిటికీ ఫెవికాల్ నిండుగా పెట్టి బిగించి, లోపలి మూలల్లో సిలికాన్ రాయాలి. తాళ్ళరేవులో పడవలు కట్టే వడ్రంగులు అతుకు దగ్గర నీటిని ఆపుతారు. ఇక్కడ ఆపాల్సింది గాలిని. పుల్లటి వాసన వేసే సిలికాన్ వాడితే, ఆ వాసన పూర్తిగా పోయాకే ఊఫర్ బిగించండి. అది వదిలే ఆవిరి ఎసిటిక్ ఆసిడ్, లోహాన్ని తింటుంది. తర్వాత 30 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంబడి జరపండి. పొగ ఎక్కడ వణికితే అక్కడ సందు ఉన్నట్టు.

గొట్టం పెట్టిన పెట్టె సంగతి వేరు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూమ్మని మోగినట్టే, గొట్టంలోని గాలీ పెట్టెలోని గాలీ కలిసి ఒక స్వరం దగ్గర మోగుతాయి. 50 లీటర్ల పెట్టెని 35 హెర్ట్జ్‌కి కుదర్చాలంటే 10 సెంటీమీటర్ల వ్యాసం గొట్టం సుమారు 32 సెంటీమీటర్ల పొడవుండాలి. మోత ఎక్కువే, కానీ ఆ స్వరం కిందకి దిగితే కోన్‌కి ఆధారం పోయి అడ్డూ అదుపూ లేకుండా ఊగి పాడవుతుంది. జాతరలో డీజే బండికి అది సరే. ఇంటి కారుకి మూసిన పెట్టే మేలు, ఎందుకంటే మిగతా పని కారే చేస్తుంది.

కారు లోపలి పొడవు రెండున్నర, మూడు మీటర్లు. సుమారు 60 హెర్ట్జ్ కిందికి వస్తే అలలో సగం కూడా అందులో పట్టదు. అప్పుడు అల ప్రయాణించడం అన్న మాటే లేదు, కారులోని గాలంతా ఒకేసారి నొక్కుకుని వదులవుతుంది. స్వరం సగానికి తగ్గినప్పుడల్లా ఒత్తిడి 12 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. మూసిన పెట్టెలో ధ్వని సరిగ్గా అదే లెక్కన తగ్గుతుంది. ఒకటి తగ్గించినది ఇంకొకటి పూరిస్తుంది, అందుకే ఇంట్లో నీరసంగా మోగిన పెట్టె డిక్కీలో గుండెలదరగొడుతుంది. తలుపు రబ్బర్లూ రేకులూ కొంత కారేస్తాయి కాబట్టి పూర్తి 12 రావు. అద్దం నాలుగు వేళ్లు దించితే చాలు, బేస్ చప్పున పడిపోతుంది. కాబట్టి ఆంప్ మీద గెయిన్ నాబ్ (ఎంత గట్టిగా మోగాలో సరిచేసేది) తిప్పేది అద్దాలెక్కించి, ఏసీ వేసుకుని కూర్చున్నాకే. తలుపు తెరిచి బయట నిలబడి సెట్ చేస్తే అవసరానికి మించి పెంచేస్తారు.