ఫిల్టర్‌ను ఇరుకు చేస్తే మాట తేటపడుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: రేడియో రిసీవర్‌లో కావలసిన పౌనఃపున్యాలను మాత్రమే వినిపించనిచ్చే ఫిల్టర్ ఎంత ఇరుకైతే మాట అంత స్పష్టంగా వినిపిస్తుంది.

వాస్తవం: కొత్తగా లైసెన్సు పొందిన హ్యామ్ (ఔత్సాహిక రేడియో) మిత్రుల చేత అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టిస్తున్న నమ్మకం ఇదే. మోర్స్ సంకేతం ఒకే స్వరం కనుక దానికి 500 హెర్ట్జ్ సరిపోతుంది. ఎస్‌ఎస్‌బి (వాహక తరంగానికి ఒక పక్కనున్న సైడ్‌బ్యాండ్‌ను మాత్రమే పంపే పద్ధతి) మాట మాత్రం సుమారు 300 నుంచి 2700 హెర్ట్జ్ వరకు పరచుకుని ఉంటుంది. ఫిల్టర్‌ను 2.4 కిలోహెర్ట్జ్ నుంచి 1.8కి తగ్గిస్తే, బ్యాండ్ అంతటా సమంగా ఉన్న రొద తగ్గేది సుమారు 1.25 డెసిబెల్స్ మాత్రమే. సంకేత బలాన్ని చూపే మీటరులో ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్ కనుక అక్కడ ఆ తేడా కనిపించడమే కష్టం. పోయేది మాత్రం చాలా ఉంది. పై అంచు 2100 హెర్ట్జ్ దగ్గర తెగితే, మగగొంతులో ‘ఇ’ని ‘ఉ’ నుంచి వేరు చేసే 2200 ప్రాంతపు అనునాదం దెబ్బతిని, ‘ఇ’ కాస్తా ‘ఉ’లా వినిపిస్తుంది, శ, ష మసకబారుతాయి, కాల్‌సైన్‌ను (స్టేషన్ గుర్తింపు పేరును) మళ్లీ మళ్లీ అడగవలసి వస్తుంది.

ఆమధ్య ఒక యువ మిత్రుడు, 40 మీటర్ల బ్యాండ్‌లో సాయంత్రం నెట్ (హ్యామ్‌ల సామూహిక సంభాషణ) అర్థం కావడం లేదని, తన చెవులే సరిగా లేవేమోనని బెంగపడుతూ, అదనపు ఫిల్టర్ కోసం డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. వాళ్లింటికి వెళ్లి, సెట్టును బ్యాటరీకి కలిపి, ఇంటి మెయిన్ స్విచ్ ఆపించగానే ఎస్8 దగ్గర నిలిచిన రొద ఎస్4కు దిగింది. వరండాలోని ఎల్‌ఈడీ దీపమే అసలు దోషి. ఇలాంటి బెంగలో ఉన్నవారికి ‘ముందు ఫిల్టర్ కొను’ అని సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

పక్క స్టేషన్ రెండు కిలోహెర్ట్జ్ దూరంలో మాట్లాడుతున్నప్పుడు 2.1కో 1.8కో దిగడం సమంజసమే; అయితే ముందు ఐఎఫ్ షిఫ్ట్‌ను (ఫిల్టర్ వినే కిటికీని పక్కకు జరిపే నాబ్‌ను) కదిపి చూడండి, ఆర్‌ఎఫ్ గెయిన్ (రిసీవర్ సున్నితత్వం) తగ్గించండి. ఆ స్టేషన్ మైక్ గెయిన్ అతిగా పెంచి మన పౌనఃపున్యం మీదికి చిమ్ముతుంటే మాత్రం ఏ ఫిల్టరూ కాపాడదు.

అపోహ: ఎఫ్‌ఎంలోనూ ‘నారో’ (ఇరుకు ఫిల్టర్) పెడితే మేలు.

వాస్తవం: అవతలివారు 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో (మాటకు తగ్గట్టు పౌనఃపున్యం అటూ ఇటూ ఊగే మేరతో) పంపుతుంటే సంకేతానికి దాదాపు 16 కిలోహెర్ట్జ్ కావాలి, హ్యాండీని (చేతి సెట్టును) నారోలో ఉంచితే గొంతు పెంచినప్పుడల్లా మాట చిట్లుతుంది.

అపోహ: ఏఎంకు 2.4 కిలోహెర్ట్జ్ చాలు.

వాస్తవం: రెండు సైడ్‌బ్యాండ్లనూ వినాలంటే 6 కిలోహెర్ట్జ్ పెట్టండి.